పుట్టినరోజు రీల్‌కి నాలుగు స్టార్లు, అందులో మూడు సెకన్లకి సున్నా

గుంటూరులో ఇప్పుడు పద్దెనిమిదో పుట్టినరోజంటే కేకూ బిర్యానీతో అయిపోయే పని కాదు. రీల్ ఉండాలి, వీధి మొదట్లో ఫ్లెక్సీ ఉండాలి. మా అబ్బాయికి ఈ రెండూ వాళ్ల మేనమామ కానుక. మా తమ్ముడే బ్రాడీపేటలో ఒక స్టూడియోతో ప్యాకేజీ మాట్లాడి, అడ్వాన్స్ కట్టి, మిగతాది నా మీద వదిలేశాడు. స్టూడియో పేరు రాయడం లేదు. పని వచ్చిన కుర్రాళ్లు, వాళ్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. కానీ పిల్లలకి ఇలాంటిది చేయించాలనుకునే అమ్మానాన్నలు డబ్బు కట్టేముందు కొన్ని సంగతులు, ముఖ్యంగా రీల్‌లో పెట్టే సిగరెట్ షాట్ సంగతి, తెలుసుకుంటే మంచిది.

ప్యాకేజీ ఏడున్నర వేలు. ఒక పూట షూటింగ్, ఎడిట్ చేసిన నలభై ఫోటోలు, ఒక నిమిషం రీల్, ఆరడుగుల పొడవు నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీ. ఊరి బయటికి వెళ్లాలంటే కారు ఖర్చు మనదే. బట్టలూ మనవే. వాళ్ల దగ్గర రెండు లెదర్ జాకెట్లున్నాయి గానీ వాటిని చివరిసారి ఎప్పుడు ఉతికారో అడక్కపోవడమే మేలు. బిల్లు అడిగితే ఇస్తారు, అడక్కపోతే లేదు.

మంచి ముందు చెప్తాను, ఎందుకంటే మంచి చాలానే ఉంది. చెప్పిన టైముకి వచ్చారు. పొద్దున ఆరింటికల్లా కొండవీడు ఘాట్ రోడ్డు మీద కెమెరా బిగించేశారు. ఎండ ముదిరేలోపు బయటి షాట్లు అయిపోయాయి. మావాడిది చామనఛాయ, ఫోటోల్లో గోడకి సున్నం కొట్టినట్టు తెల్లగా చేసేస్తారేమోనని టెన్షన్ పడ్డాను. రంగు జోలికి పోలేదు. మొటిమలు మాత్రం తీసేసి, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే గడ్డం కింద మిగిలిన మచ్చని అలాగే ఉంచారు. ఆ మచ్చ లేకపోతే నాకు వాడు వాడిలా అనిపించడు. ఈ విషయం నేను వాళ్లకి చెప్పలేదు, వాళ్లకే తోచింది. ఫ్లెక్సీ మందంగా ఉంది, అంచులు కుట్టి కన్నాలకి రింగులు వేసి ఇచ్చారు, అక్షరదోషం ఒక్కటీ లేదు. మన ఊళ్లో ఫ్లెక్సీలు చదివేవాళ్లకి ఈ చివరి మాట విలువ తెలుస్తుంది.

స్టూడియో మేడ మీద. మెట్లు ఇరుకు, పార్కింగ్ లేదు, ఏసీ ఎడిటింగ్ గదిలో తప్ప ఎక్కడా లేదు. లోపల ఒక సెట్ వేసుకున్నారు: ఎర్ర ఇటుకల గోడలా పెయింట్ వేసిన ప్లైవుడ్, పాత బుల్లెట్ బండి, తుప్పు పట్టిన ఇనప డ్రమ్ము, నీలం, ఎరుపు ట్యూబ్‌లైట్లు. కౌంటర్ పక్కన టీవీలో పాత కస్టమర్ల రీల్స్ ఆగకుండా తిరుగుతుంటాయి. మనం వెయిట్ చేస్తూ అవే చూడాలి. ఒకడు బుల్లెట్ దిగుతాడు, ఒకడు లుంగీ ఎగ్గడతాడు, ఒకడు కుర్చీ తిప్పి కూర్చుంటాడు. ఎక్కడ మొదలుపెట్టినా చాలామంది వచ్చి ఆగేది ఒక్కచోటే. తల వంచి, చేతులు అడ్డం పెట్టుకుని, సిగరెట్ వెలిగించి, మెల్లగా కళ్లెత్తడం. ఒక రీల్‌లో ఒకబ్బాయి నోట్లో ఈ-సిగరెట్ కూడా కనిపించింది. ఆ వస్తువు అమ్మకం, దిగుమతి, నిల్వ, ప్రకటన అన్నీ మన దేశంలో 2019 నుంచి నిషేధం. అయినా అది షాపులో శాంపిల్‌గా దర్జాగా తిరుగుతోంది.

మావాడి రీల్ ముందు వాడి ఫోన్‌కి వచ్చింది, వాడు నాకంటే ముందు స్నేహితులకి పంపేశాడు. నేను చూసేసరికి కాలేజీ గ్రూపంతా చూసింది. నలభయ్యో సెకను దగ్గర అదే షాట్ ఉంది. ఇటుకల గోడ ముందు మా అబ్బాయి, నోట్లో సిగరెట్, లైటర్ వెలుగు బుగ్గ మీద పడి, నీలం లైటులో పొగ సుడి తిరుగుతూ పైకి లేస్తుంది. మొత్తం మూడు సెకన్లు. నిమిషం రీల్‌లో వాళ్లందరూ స్క్రీన్‌షాట్ తీసుకున్నది ఆ మూడు సెకన్లే. కొండవీడు కొండ మీద పొద్దు పొడుస్తుంటే తీసిన షాట్‌కి ఒక్కడు కూడా ఒక్క మాట అనలేదు.

మావాడు సిగరెట్ తాగడు. చొక్కాలు ఉతికేదాన్ని నేనే కదా, నాకు తెలుసు. అందుకే కోపం కంటే అనుమానం ఎక్కువై, నేరుగా స్టూడియోకి వెళ్లాను. ఎడిటింగ్ చేసిన అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు.

"వెలిగించలేదక్కా, ఒట్టు. ఉత్త సిగరెట్ పట్టించాం అంతే. నిప్పూ పొగా మేం సిస్టమ్‌లో వేశాం" అన్నాడు.

నేను నమ్మలేదని గ్రహించి కుర్చీ లాగి, "కూర్చోండక్కా, చూపిస్తా" అన్నాడు. ఆ తర్వాతి పది నిమిషాలకి నేను విడిగా ఐదు స్టార్లు ఇస్తాను.

స్క్రీన్ మీద మా అబ్బాయి షాట్ పెట్టి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాడు. ముందు పొగ తీశాడు. తర్వాత లైటర్ వెలుగు. తర్వాత వెనక వచ్చే డప్పుల మ్యూజిక్. చివరికి స్లో మోషన్. అవన్నీ పోయాక మిగిలిందేంటంటే, ట్యూబ్‌లైటు కింద మా పిల్లాడు, రెండు వేళ్ల మధ్య ఎండు సిగరెట్. ఎలా పట్టుకోవాలో తెలియక చూపుడువేలు బిగపెట్టి పట్టుకున్నాడు. గుటక వేస్తున్నాడు. కళ్లు కెమెరా పక్కనున్న మనిషి వైపు చూస్తున్నాయి, "ఇలాగేనా అన్నా?" అని అడుగుతున్నట్టు. నాకు ఆ వీడియోనే నచ్చింది, అడిగితే అది ఇవ్వడం కుదరదన్నాడు, ఎడిట్ చేయని రా ఫుటేజ్ ప్యాకేజీలో లేదట.

మళ్లీ ఒక్కొక్కటే తగిలించాడు. స్లో మోషన్ పెట్టగానే గుటక ధీమాగా మారింది. మ్యూజిక్ రాగానే ఆ బెరుకు చూపు లెక్కలేనితనంలా కనిపించింది. పొగ వేశాక వాడికి పదేళ్లు వయసు పెరిగింది.

"ఖాళీ చేతులుంటే కుర్రాడు కుర్రాడిలాగే ఉంటాడక్కా. చేతికేదో ఒకటి ఇస్తేనే ఎలివేషన్. సిగరెట్ అయితే తల వంచుతాడు, మొహం దాగుతుంది, మళ్లీ లేపినప్పుడు ఎంట్రీ పడుద్ది. పొగకి లైటు బాగా తగులుద్ది" అని పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఎక్కడ నేర్చుకున్నావయ్యా అంటే నవ్వాడు. సినిమాలు చూసి, ఇంకెక్కడ!

నేను బ్యాంకులో పనిచేస్తాను. అంకె చూడకుండా మాట నమ్మే అలవాటు లేదు. సినిమాలో సిగరెట్ చూస్తే పిల్లలు తాగేస్తారా అనేది నేనూ ఇన్నాళ్లూ పెద్దవాళ్ల చాదస్తమే అనుకునేదాన్ని, కాబట్టి వెతికి చదివాను. ఢిల్లీలో 12 బడుల్లో 8, 9 తరగతుల పిల్లలు 3,956 మందిని అడిగి, వాళ్లు చూసిన హిందీ సినిమాల్లో పొగాకు ఎంత కనిపించిందో లెక్కగట్టిన అధ్యయనం ఒకటుంది. అలాంటి సీన్లు ఎక్కువ చూసినవాళ్లలో, తక్కువ చూసినవాళ్లతో పోలిస్తే, పొగాకు రుచి చూసే అవకాశం రెండింతలకు పైనే తేలింది. తాగే స్వభావం ఉన్నవాళ్లే అలాంటి సినిమాలు ఎక్కువ చూస్తారేమో అని నాకూ అనిపించింది. ఒక్కసారి అడిగి చేసిన సర్వేతో ఆ ముడి వీడదు. అయితే అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య పెద్ద అయిన సర్జన్ జనరల్ 2012 నివేదిక, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ బేరీజు వేసి, సినిమాల్లో పొగతాగే దృశ్యాలకీ కుర్రకారు ఆ అలవాటు మొదలుపెట్టడానికీ ఉన్నది కార్యకారణ సంబంధమేనని తేల్చి చెప్పింది. ఇక చాదస్తం అని కొట్టిపారేయడానికి నాకు దారి దొరకలేదు.

పైగా తెర మీద సిగరెట్‌కి వాసన ఉండదు. దగ్గు రాదు. నెల ఖర్చు ఎంతయిందో ఎవరూ అడగరు. పెట్టె కూడా కనిపించదు, కాబట్టి పెట్టె మీద 85 శాతం మేర పుండ్ల బొమ్మతో హెచ్చరిక ఉండాలని 2016 నుంచి అమలవుతున్న రూలు అక్కడ పనిచేయదు. బడ్డీకొట్లో విడి సిగరెట్ కొనే కుర్రాడికీ అంతే, ఆ బొమ్మ వాడి చేతికి రాదు. స్టూడియోవాళ్లు మావాడి షాట్ కోసం తెచ్చిందీ విడి సిగరెట్టే, కింద సందు చివర బడ్డీలోంచి. బ్రాడీపేటలో ఏ సందులోంచి చూసినా ఒక కాలేజీ బోర్డు కనిపిస్తుంది. విద్యాసంస్థకి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం అంటుంది. ఆ బడ్డీ నుంచి కాలేజీ గేటుకి నేను గజాలు కొలవలేదు గానీ, గేటు దగ్గర వాచ్‌మన్ తుమ్మితే బడ్డీలో వినపడుతుంది.

అన్నిటికంటే నన్ను ఆపేసింది మాత్రం ఆ షాట్ కింద ఎడమ మూలన తెల్ల అక్షరాలతో ఉన్న లైను: "ధూమపానం ఆరోగ్యానికి హానికరం."

"మరి ఇదెందుకు వేశావు? నీకు ఎవరన్నా చెప్పారా వేయమని?"

"లేదక్కా. అది ఉంటే సినిమా లుక్ వస్తుంది. లేకపోతే షార్ట్ ఫిల్మ్‌లా ఉంటుంది."

సినిమాల్లో ఈ లైను 2012 అక్టోబర్ 2 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చింది. పొగాకు చూపించే సినిమాకి మొదట్లో, మధ్యలో కనీసం 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, 20 సెకన్ల హెచ్చరిక, సీను నడుస్తున్నంతసేపూ కింద ఈ అక్షరాలు. 2023 సెప్టెంబర్ 1 నుంచి ఓటీటీలకీ ఇదే రూలు. అంటే మావాడి ఈడు పిల్లలు ఊహ తెలిసినప్పటి నుంచి సినిమాల్లో చూసిన దాదాపు ప్రతి సిగరెట్ షాట్ కిందా ఈ లైను ఉంది. వాళ్లకి అది ఆ స్టైల్‌లో భాగమైపోయింది. హెచ్చరిక వేసింది ఆరోగ్యశాఖ, దాన్ని డెకరేషన్ చేసుకున్నది మా బ్రాడీపేట ఎడిటర్. ఆ అబ్బాయిలో వెటకారం ఏమీ లేదు, ఫాంట్ కూడా అచ్చు సినిమాలోదే వెతికి పెట్టానని గర్వంగా చెప్పాడు.

ఇక్కడ ఒక మాట. నేను పొగాకుని చూసి ముక్కు మూసుకునే ఇంట్లో పుట్టినదాన్ని కాదు. మా నాన్న గుంటూరులో పొగాకు కంపెనీ గోడౌన్‌లో పనిచేశాడు. ఆకు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి గ్రేడు చెప్పేవాడు. పొగాకు బోర్డు 1976లో మొదలైందీ ఈ ఊళ్లోనే, దాని హెడ్డాఫీసు ఇప్పటికీ ఇక్కడే. మా ఇంట్లో అన్నం ఉడికిందీ, నా డిగ్రీ ఫీజు కట్టిందీ ఆ ఆకు డబ్బుతోనే. కానీ గోడౌన్‌లో పొగాకు ఎవరికీ స్టైల్ కాదు. అది దుమ్ము, బస్తా, తూకం, శనివారం కూలి. రీల్‌లో కనిపించే సిగరెట్‌కీ దానికీ చుట్టరికం ఉందని పిల్లలకి ఊహకి కూడా రాదు.

మా తమ్ముడి సంగతి వేరు. వాడు క్రికెట్ పిచ్చోడు. 1996 ప్రపంచ కప్ పేరే విల్స్ వరల్డ్ కప్. మన జట్టు చొక్కాల మీద కూడా 2001 దాకా ఆ సిగరెట్ బ్రాండ్ పేరే ఉండేది. తమ్ముడు తన తెల్ల బనీను మీద స్కెచ్ పెన్నుతో ఆ పేరు రాసుకుని గల్లీలో బౌలింగ్ వేసేవాడు. అమ్మ ఆ బనీను ఉతకలేక తిట్టింది గానీ, ఆ పేరు సిగరెట్‌ది అని తిట్టినట్టు నాకు గుర్తులేదు. ఎర్ర మొన ఉన్న ఫాంటమ్ మిఠాయి సిగరెట్లు మేమిద్దరం పంచుకుని, వేళ్ల మధ్య పట్టుకుని ఊదిన సంగతీ ఎవరూ పట్టించుకోలేదు. డిగ్రీ మొదటి ఏడాదిలో వాడు అసలుది మొదలుపెట్టాడు. ఇప్పటికీ మానుతూనే ఉన్నాడు.

రీల్ విషయం ఫోన్లో చెప్తే వాడు మొదట తేలిగ్గా తీసుకున్నాడు. "ఫోటో కోసమేగా అక్కా, తాగలేదుగా!" అన్నాడు. కాసేపాగి వాడే అన్నాడు: "నేను మొదటిది కాల్చింది రుచికి కాదక్కా. హాస్టల్ బాత్రూమ్ అద్దంలో ఎలా ఉంటానో చూసుకుందామని."

ఫోటో కోసమేగా అనే మాట పాతదే. 1929లో న్యూయార్క్‌లో ఈస్టర్ ఊరేగింపు రోజున కొందరు ఆడవాళ్లు వీధిలో బహిరంగంగా సిగరెట్లు ముట్టించారు. ఆడవాళ్లు బయట సిగరెట్ తాగితే తప్పుగా చూసే రోజులవి. అది స్వేచ్ఛకి కాగడా అని పత్రికలు ఫోటోలు వేశాయి. వెనక ఉన్నది ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడు, ఆయనకి డబ్బిచ్చింది అమెరికన్ టొబాకో కంపెనీ. అక్కడా కావలసింది ఫోటోయే. తేడా ఏంటంటే, వాళ్లు ఆ ఫోటో కోసం డబ్బు ఖర్చు పెట్టారు. ఇక్కడ ఏడున్నర వేలు మేం కట్టి, మా పిల్లాడి మొహంతో ఉచితంగా చేసి పెడుతున్నాం.

స్టూడియో ఓనర్ వచ్చాక మార్చమని అడిగాను. షూట్ రోజుకి మావాడికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. పద్దెనిమిది లోపు పిల్లలకి పొగాకు ఇస్తే 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉందని చెప్పాను. బెదిరించడానికి అనలేదు, ఉన్నది చెప్పాను. ఆయన "మేడమ్, అందరూ అదే అడుగుతారండీ, మేం వద్దంటే పక్క స్టూడియోకి పోతారు" అన్నాడు. అబద్ధం కాదు. టీవీలో అది తిరుగుతుంటే చూసినవాళ్లు అదే అడుగుతారు, అడిగారు కదా అని మళ్లీ అదే టీవీలో పెడతారు.

మొదటి మార్పుగా సిగరెట్‌ని న్యూస్ ఛానళ్లలో లాగా మసక చేసి పంపారు. అది ఇంకా ఘోరం. వాడు నోట్లో ఏం పెట్టుకున్నాడోనని చూసినవాళ్లు రెండుసార్లు చూస్తారు. తిప్పి పంపాను. చివరికి ఎడిటర్ అబ్బాయికే ఐడియా వచ్చింది. కింద టీకొట్టు దగ్గర సాయంత్రం మళ్లీ తీశాడు. వేడి టీ గ్లాసు, వెనక బండి హెడ్‌లైట్, ఆవిరి పైకి లేస్తుంటే వాడు గ్లాసు మీదుగా కళ్లెత్తుతాడు. నాకైతే పొగ షాట్‌కి ఏమాత్రం తీసిపోలేదు. ఎడిటర్ కూడా "ఆవిరికీ లైటు బాగానే తగిలిందక్కా" అని ఒప్పుకున్నాడు. రీషూట్‌కి ఐదొందలు అదనం తీసుకున్నారు.

మావాడికి నచ్చలేదు. "టీ తాగుతూ ఎంట్రీ ఏంటమ్మా, పెళ్లిచూపులకొచ్చినట్టుంది" అన్నాడు. వాడి స్టేటస్‌లో మూడు రోజులు పాతదే ఉంది. ఇంట్లో అందరికీ పంపింది మాత్రం టీ రీల్. ఫ్లెక్సీలో వాడు మొదట సిగరెట్ ఫోటోయే కావాలన్నాడు, నేను కొండవీడుది వేయించాను. ఆ ఒక్క విషయంలో వాళ్ల నాన్న నా పక్షాన నిలబడ్డారు, లేకపోతే ఓడిపోయేదాన్ని.

పుట్టినరోజు నాడు మా చెల్లెలి కొడుకు వచ్చాడు. ఏడో తరగతి. అన్న ఫోన్‌లో పాత రీల్ చూశాడు. భోజనాల దగ్గర సాంబారులో మునక్కాడ ముక్క తీసి రెండు వేళ్ల మధ్య పెట్టుకున్నాడు. తల వంచాడు. ఎడమచెయ్యి గాలికి అడ్డం పెట్టాడు. కళ్లు సగం మూసి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా తలెత్తాడు. అందరూ పకపకా నవ్వారు. వాళ్లింట్లో ఎవరూ సిగరెట్ తాగరు, మా తమ్ముడు తాగినా వీధి చివరికి పోయి తాగుతాడు. ఆ ఎడమచెయ్యి అడ్డం పెట్టడం వాడు మనుషుల్ని చూసి నేర్చుకున్నది కాదు. 2019 జాతీయ సర్వేలో 13 నుంచి 15 ఏళ్ల బడి పిల్లల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. వీడు ఇంకా ఆ లెక్కలోకి వచ్చే వయసుకే రాలేదు.

స్టార్ల సంగతికొస్తే, కెమెరా, ఎడిటింగ్, టైము, ఫ్లెక్సీ చూసి నాలుగు. ఐదోది పార్కింగ్‌కీ, రా ఫుటేజ్ ఇవ్వనందుకూ కోశాను. ఆ మూడు సెకన్లకి సున్నా వేశానంటే పని రాక కాదు, మరీ బాగా వచ్చి. వెళ్లేవాళ్లు అడ్వాన్స్ కట్టేరోజే ఆర్డర్ ఫారం కింద "సిగరెట్, మందు షాట్లు వద్దు" అని రాయించి సంతకం పెట్టించుకోండి. నోటిమాటగా చెప్తే షూట్ రోజు కెమెరామన్‌కి ఆ మాట చేరదు. ప్రివ్యూ పిల్లల ఫోన్‌కి కాకుండా మీ ఫోన్‌కి పంపమనండి. రా ఫుటేజ్ కావాలంటే ముందే బేరమాడండి, తర్వాత అడిగితే వెయ్యి చెప్తున్నారు. ఇంటర్ పరీక్షలయ్యాక, పెళ్లిళ్ల సీజన్‌లో రెండు వారాల ముందు బుక్ చేసుకోవాలి.

చెల్లెలి కొడుక్కి డిసెంబర్‌లో పదమూడు నిండుతాయి, వాడికీ రీల్ కావాలట. అదే స్టూడియోకి తీసుకెళ్తున్నాం, ఆ ఎడిటర్ అబ్బాయే చేయాలని ఇప్పుడే చెప్పి ఉంచాను. ఆర్డర్ ఫారం నేనే నింపుతాను.